నైరుతి గోడలో సందు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. పొద్దున లేస్తే గులాబీ పూలు, మంచి మాటలు పంపుకునే ఆ గ్రూపులో లేనందుకు నాకు వచ్చిన నష్టమేమీ లేదు. తీసేసే ముందు మాత్రం నా గురించి పెద్ద చర్చే జరిగింది. ‘చదువుకున్న ఆడమనిషి చేసే పనేనా ఇది?’ అని ఒకాయన రాశాడు. దాని కింద చాలామంది బొటనవేళ్లు పెట్టారు. నేను చేసిన పని కాలనీ ప్రహరీ గోడను గడ్డపారతో కొట్టడం. అవును, కొట్టాను. పట్టపగలు, అందరూ చూస్తుండగానే కొట్టాను. ఆ సందు ఇప్పటికీ ఉంది. మళ్లీ మూయిస్తామని అంటున్నారట. మూయించనీ. గడ్డపార మా వాకిట్లోనే ఉంది.

నేను పుట్టి పెరిగింది కర్నూలు వన్‌టౌన్‌లో, బురుజు వెనక సందుల్లో. అక్కడ రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకరు దిగి గోడకు ఆనుకోవాలి. బడి, చర్చి, పిండిమర, దర్జీ కొట్టు, కూరగాయల బండి అన్నీ కేకేస్తే వినపడేంత దూరంలోనే ఉండేవి. ‘నడక’ అనే మాట మేము వాడిన గుర్తే లేదు నాకు. పోయేవాళ్లం, వచ్చేవాళ్లం, అంతే. ఎనిమిదో తరగతిలో నాన్న ఎవరిదో పాత లేడీస్ సైకిల్ తెచ్చిస్తే, రెండు మోకాళ్లూ చీరుకుపోయేదాకా తొక్కి నేర్చుకున్నాను. మలుపులో బ్రేకు పట్టకుండా తిరిగితే ఎదురింటి సాయిబుల పిన్నమ్మ, మేమంతా ఖాలా అనేవాళ్లం, అరుగు మీద నుంచే అరిచేది, “పండ్లు రాలగొట్టుకుంటావా ఏమ్మే, మెల్లగా పో!” అని. నేను ఇల్లు చేరేలోపే నేను ఎక్కడ ఎంత వేగంగా తిరిగానో అమ్మకు తెలిసిపోయేది. ఆ సందులో ఒక్కరైనా నన్ను చూడకుండా ఉండరా అని నాకు ఒళ్లు మండేది. ఆ కళ్లుండబట్టే అమ్మ నన్ను నిశ్చింతగా వదిలేసిందని, నా కూతురు సైకిలెక్కేదాకా నాకు తోచలేదు.

పెళ్లయ్యాక సైకిల్ పోయింది. ఎవరూ వద్దనలేదు. అమ్మవాళ్ల వసారాలో ఉండిపోయింది, తర్వాత తుప్పు పట్టింది, తర్వాత పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. మా ఆయనకు కడపలో ఉద్యోగం. అక్కడ పాత వీధిలో ఒక పోర్షన్‌లో అద్దెకున్నాం. ఎండాకాలం పన్నెండు దాటితే ఆ వీధిలో కుక్క కూడా నీడ వదిలి రాదు. కానీ సాయంత్రమైతే మనుషులంతా బయటే. నాకు కడుపు పండిన కొత్తలో నడవొద్దన్నారు. ఎనిమిదో నెల రాగానే బాగా నడవమన్నారు. పాప పుట్టాక చంటిబిడ్డతో ఎండనపడి తిరగొద్దన్నారు. పాప నడక నేర్చాక దాని వెనక పరిగెత్తమన్నారు. నా కాళ్ల మీద ఇంతమందికి హక్కుందని నాకు అప్పుడే తెలిసింది. అయినా కడపలో నేను ఆగలేదు. పాపను చంకన వేసుకుని రోజూ మార్కెట్‌కు పోయేదాన్ని. నాలుగడుగులకు ఒక అరుగు, ఆ అరుగు మీద ఎవరో ఒకరు. చెయ్యి నొప్పి పుడితే అడగకుండానే పాపను అందుకునేవాళ్లు. కారం దోసె వేసే చోట కాసేపు కూర్చుని, అవతలి బెంచీ మీదివాళ్ల గొడవ పూర్తిగా విని మరీ ఇంటికొచ్చేదాన్ని.

పాప ఒకటో తరగతికి వచ్చేసరికి మళ్లీ కర్నూలుకు బదిలీ అయింది. అద్దె ఇళ్లు ఇక చాలనుకుని ఊరి చివర, హైవే పక్కన వేసిన కొత్త వెంచర్‌లో స్థలం చూశాం. మేము క్రైస్తవులం. మా ఇంట్లో వాస్తు లేదు, వర్జ్యం లేదు. పునాది రోజున పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసిపోయారు. అలాంటిది స్థలం చూడ్డానికి పోయినప్పుడు మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న “తూర్పు ఫేసింగేనా?” అని. నేను నోరెళ్లబెట్టాను. “మనకు కాదు, రేపు అమ్ముకునేటప్పుడు కొనేవాడు చూస్తాడు కదా” అన్నాడు. పక్క స్థలం కొన్న సాయిబుగారు, బట్టల కొట్టు ఆయన, ఆయన కూడా అచ్చం అదే మాట అన్నాడు. అలా నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ కలిసి, ఎప్పుడో కొనబోయే ఊరూ పేరూ లేని మనిషి కోసం వాస్తు చూసి మరీ ఇళ్లు కట్టుకున్నాం.

వెంచర్ వేసినవాళ్లు కూడా ఆ మనిషి కోసమే వేశారు. మొత్తం కాలనీకి ఒకటే గేటు. అది ఈశాన్యంలో, హైవే వైపు. నైరుతి మూల ఎత్తుగా, మూసి ఉండాలట. అందుకని అక్కడ మనిషి తలకంటే ఎత్తున గోడ లేపారు. ఆ గోడకు అవతలే ఒక పాత పల్లె. ఎప్పుడో కర్నూలులో కలిసిపోయింది గానీ ఇంకా పల్లె లాగే ఉంటుంది. బడి అక్కడే, చర్చి అక్కడే, కూరగాయలు అక్కడే, పొద్దున్నే ఉగ్గాని, బజ్జీలు దొరికేదీ అక్కడే. మా మేడ మీద నిలబడితే చర్చి సిలువ కనపడుతుంది. ఆదివారం పాటలు వంటింట్లోకి వినపడతాయి. అక్కడికి చేరాలంటే మాత్రం ఈశాన్యపు గేటు దాటి, హైవే సర్వీసు రోడ్డు పట్టుకుని పెట్రోలు బంకు దాకా పోయి, అక్కడ మలుపు తిరిగి, గోడౌన్ల వెనక నుంచి చుట్టి రావాలి. లోపలి రోడ్లు మాత్రం నలభై అడుగుల వెడల్పు. నడవడానికి కావలసినంత చోటుంది, నడిచి చేరడానికి ఏ చోటూ లేదు.

అలాగని మా కాలనీవాళ్లు నడవరని కాదు. తెల్లారేసరికి తెల్ల బూట్లు తొడుక్కుని, చేతులూపుకుంటూ పార్కు చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతారు. ఎన్ని అడుగులు నడిచామో చేతి గడియారాల్లో చూసుకుని ఒకరికొకరు చెప్పుకుంటారు. అదే నేను సంచి పట్టుకుని పెరుగు కోసం నడిచిపోతుంటే కారు ఆపి, “ఏమ్మా, బండి రిపేరా?” అని జాలిపడతారు. పనేమీ లేకుండా గుండ్రంగా తిరిగితే ఆరోగ్యమట, పని మీద తిన్నగా నడిస్తే లేమి అట. మొదట్లో నేను “లేదు సార్, ఊరికే” అని నవ్వేదాన్ని. తర్వాత నవ్వడం మానేశాను.

నైరుతి గోడకు సందు పెట్టింది నేను కాదు. ఇళ్లు కట్టే రోజుల్లో పల్లె నుంచి కూలికి వచ్చేవాళ్లు హైవే అంతా చుట్టి రాలేక, ఆ మూలన ఇటుకలు పీకి దారి చేసుకున్నారు. ఇళ్లు లేచాయి, కూలివాళ్లు పోయారు, సందు మిగిలింది. ఒక మనిషి సంచితో పట్టేంత. హ్యాండిల్ వంచితే సైకిల్ కూడా పట్టేంత. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, పాలు పోసేవాళ్లు, బడికి పోయే పిల్లలు అందరూ అందులోంచే. తెల్ల బూట్లవాళ్లు కూడా ఆదివారం బజ్జీలకు అందులోంచే పోయేవాళ్లు, కాకపోతే అటూ ఇటూ చూసి పోయేవాళ్లు.

మా మామ పోయాక అత్త మా దగ్గరికి వచ్చింది. డోన్ పక్క పల్లెలో పుట్టిన మనిషి. చేనుకు, కూలికి, సంతకు అన్నింటికీ నడిచే పోయింది. ఆమె బతుకులో ఆమెను ఎవరూ ఎక్కడా దింపలేదు. వచ్చిన మొదటి రోజు సాయంత్రం వరండాలో కూర్చుని ఆ నలభై అడుగుల రోడ్డును చాలాసేపు చూసింది.

“అమ్మీ, ఈడ మనుషులు యాడ ఉంటారు?” అని అడిగింది.

“లోపల ఉంటారత్తా” అన్నాను.

సందు సంగతి ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. ఆ వారం తిరక్కుండానే చర్చిలో ఆడవాళ్ల సాయంత్రం ప్రార్థనలో కూర్చుంది. మరి కొన్నాళ్లకు ఆ ప్రార్థన నడిపేదే ఆమె అయింది. చర్చిని మా అత్త గుడి అనే అంటుంది, ఆ కాలపు క్రైస్తవులు అలాగే అంటారు. “గుడికి పోయొస్తా” అని చెప్పులేసుకునేది, అంతే. ఎప్పుడు వస్తానో చెప్పేది కాదు, మేము అడిగేవాళ్లం కాదు. వచ్చేటప్పుడు కొంగులో ఇంత కొత్తిమీర, నోట్లో పల్లెలో ఉన్న కబుర్లన్నీ తెచ్చేది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి బర్రె ఈనింది, పాస్టరుగారి ప్రసంగంలో ఎవరు కునికిపాట్లు పడ్డారు. రాత్రి అన్నాల దగ్గర మా ఇంట్లో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. మేమందరం వినేవాళ్లం.

పాప ఆరో తరగతికి వచ్చినప్పుడు సైకిల్ కొనిచ్చాం. మొదటి రోజు సందు దాకా నేను వెంట పోయాను. అది హ్యాండిల్ వంచి సైకిల్‌ను అవతలికి నెట్టి, ఎక్కి, వెనక్కి చూడకుండా పోయింది. నేను సందులోంచి తల పెట్టి చూశాను. అంతలో అవతల మలుపులో బజ్జీలు వేసే ఆమె మూకుడు ముందు నుంచే అరిచింది, “ఏయ్ పాపా, మెల్లగా పో! లారీవా?” అని. నాకు వన్‌టౌన్ ఖాలా గొంతు గుర్తొచ్చి అక్కడే నిలబడి నవ్వుకున్నాను. సాయంత్రం పాప వచ్చి, “అమ్మా, ఆ బజ్జీలామె నన్ను తిడతాంది” అని మూతి ముడిచింది. తిట్టనీలే అన్నాను. ఆ ఏడాదే నేనూ మళ్లీ సైకిలెక్కాను. చీర కుచ్చెళ్లు దోపుకుని, పాప సైకిల్ మీద, కూరగాయలకు. కాలనీ నవ్వింది. పల్లె మొదట నవ్వి, రెండో రోజు నుంచి వంకాయలు బాగున్నాయని పిలిచింది.

పోయిన ఎండాకాలం కాలనీ బోరు ఎండిపోయింది. కర్నూలు జిల్లాలో బోరు ఎండడం ఏమన్నా వింతా? కానీ అదే రోజుల్లో కాలనీ సంఘం అధ్యక్షుడి అల్లుడు బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంకొకాయన వ్యాపారం దెబ్బతింది. వీళ్లంతా కలిసి ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన కారులోనే కాలనీ అంతా తిరిగి, నైరుతి మూలన దిగి, సందు చూసి చెంపలేసుకున్నాడు. ఇంకేముంది, ఆదివారం మీటింగు పెట్టారు.

“నైరుతి తెరిచి పెట్టుకుంటే యజమానికి ఆపదమ్మా” అన్నాడు అధ్యక్షుడు. రిటైరైన పెద్ద ఉద్యోగి. ఆయన మాట్లాడేటప్పుడు ఎవరూ దగ్గరు కూడా.

“ఈ కాలనీకి యజమాని ఎవరు సార్?” అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. సాయిబుగారు నన్ను సముదాయించబోయాడు. “మనకు నమ్మకం లేకున్నా నలుగురితో పోవాల కదమ్మా. సందు ఉంటే రేపు కొనేవాడు రాడు.”

“కొనేవాడు వచ్చేదాకా ఈడ ఉండేవాళ్ల గతి ఏందన్నా? మా అత్త గుడికి ఎట్ల పోవాల?”

“కారులో దింపండి. మీకు కారుంది కదా” అన్నాడు అధ్యక్షుడు, నాకేదో వరమిచ్చినట్టు.

మా ఆయన నేల మీది టైల్స్ కేసి చూస్తూ కూర్చున్నాడు. అందరూ చేతులెత్తారు. రెండు రోజుల్లో సందు మూశారు. కొత్త ఇటుకలు, కొత్త సిమెంటు, పైన సున్నం కూడా.

ఆ మర్నాటి నుంచి పాప స్కూలు వ్యానులో పోవడం మొదలుపెట్టింది. సైకిల్ మెట్ల కింద చేరింది. దాని హ్యాండిల్ మీద తువాళ్లు ఆరేసే అలవాటు ఎవరికి మొదలైందో గానీ ఇంట్లో అందరికీ అయింది. అత్తకు సాయంత్రం ప్రార్థన పోయింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ ప్రార్థన అయిపోతుంది. నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి వచ్చేసరికీ అంతే. మిగిలింది ఆదివారం ఒక్కటి. మొదటి ఆదివారం ఆమె ఏడింటికల్లా తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. మా ఆయన స్నానం చేసి, ఫోన్ చూసుకుని, టిఫిను తిన్నాడు. ఆమె కూర్చునే ఉంది. చివరికి మెల్లగా అడిగింది.

“నాయనా, ఎప్పుడు దింపుతావు?”

పెనం మీద దోసె తిప్పబోతున్నదాన్ని అలాగే ఆగిపోయాను. ఆ గొంతు మా అత్తది కాదు. కరువుల్లో నలుగురు పిల్లల్ని సాకిన మనిషి, ఎవరి ముందూ చెయ్యి చాపని మనిషి, కన్న కొడుకును వేళ అడుగుతోంది. దోసె మాడిపోయింది.

అలా కొన్ని ఆదివారాలు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. “ఈ వారం ఒద్దులేప్పా. మోకాళ్లు నొస్తాండాయి” అంది. మా ఆయన మందు రాయనా, డాక్టరు దగ్గరికి పోదామా అని హడావిడి పడ్డాడు. ఆ మధ్యాహ్నం చూస్తే ఆమె పెరట్లో గొంతుక్కూర్చుని గడ్డి పీకుతోంది. పని కాగానే దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడి, నన్ను చూసి, అప్పుడు గుర్తొచ్చినట్టు మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే ఎక్కడలేని కోపం కూడా వచ్చింది.

“రేపు సాయంత్రం మనిద్దరం నడిచి పోదామత్తా, హైవే మీదుగానే” అన్నాను. నేను ఆ రోజుకు సెలవు పెట్టాను. పోయాం. సర్వీసు రోడ్డులో సగం ఆగిన లారీలే. మిగతా సగంలో బండ్లు ఎదురొస్తాయి. పక్కన దిగుదామంటే కాలువ, దాని మీద కంపచెట్లు. ఒక బస్సు హారన్ కొడుతూ దూసుకుపోతే ఆ గాలికి అత్త కొంగు మొహానికి కప్పుకుంది. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. పెట్రోలు బంకు దాకా కూడా పోలేకపోయాం. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని ఆమే నన్ను ఓదార్చింది.

“పోనీలే అమ్మీ. దేవుడు ఈడ గూడా ఉండాడు. ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటా.”

దేవుడు ఉంటాడు, సరే. ఆమె ఉండదు. వరండాలో కూర్చునే ఆ మనిషి వేరే ఎవరో. అన్నాల దగ్గర ఇక ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

ఆ శనివారం సాయంత్రం నేను నైరుతి మూలకు పోయి కొత్త గోడ మీద గోరుతో గీకి చూశాను. సిమెంటు పిండిలా రాలింది. ఎందుకు రాలదు? కట్టిన గోడకు పొద్దున, సాయంత్రం నీళ్లు కొట్టాలి. బోరు ఎండింది, ట్యాంకరు నీళ్లు తాగడానికీ వండుకోవడానికే చాలడం లేదు, గోడకు ఎవరు కొడతారు? బోరు ఎండిందని మూసిన గోడ, బోరు ఎండబట్టే పచ్చిగా మిగిలింది. నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున నిమ్మచెట్టు గుంతకని కొన్న గడ్డపార తీసుకుని బయల్దేరుతుంటే మా ఆయన గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

“ఏంటికి అందరితో పెట్టుకుంటావు?”

“నువ్వు పెట్టుకోవు కాబట్టి” అన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నాడు. తర్వాత, చెప్పాలి కదా, లోపలికి పోయి వాళ్లమ్మకు బైబిలు సంచి తెచ్చిచ్చాడు.

మూడు పోట్లకు మొదటి ఇటుక ఊడింది. పార్కు చుట్టూ తిరిగే తెల్ల బూట్లు ఒక్కొక్కటే ఆగాయి. బహుశా ఆ పార్కు పుట్టాక అందరూ ఒకే దిక్కుకు నడిచి రావడం అదే మొదలు. అధ్యక్షుడు ముందుకొచ్చాడు.

“ఏమ్మా, ఏం చేస్తాండావు?”

“కనపడతాండాది కదా సార్.”

“ఇది మర్యాద కాదు. నేను పోలీసులకు చెప్తా.”

“చెప్పండి సార్. ఈశాన్యపు గేటు గుండానే రమ్మనండి. వాళ్లు చుట్టి వచ్చేలోపు నా పని అయిపోతాది.”

వెనక ఎవరో ఆడమనిషి పెద్దగా నవ్వింది. ఎవరో చూద్దామంటే చేతిలో గడ్డపార ఉంది. అవతల నుంచి అలికిడైంది. ఊడిన ఇటుక కన్నంలోంచి బజ్జీలామె కన్ను కనపడింది. “ఆగమ్మా, పైవి నామీద పడేట్టుండాయి. ఈ పక్క నుంచి నేను లాగుతా” అంది. ఆమె అటు లాగుతుంటే నేను ఇటు పొడిచాను. చేతులు బొబ్బలెక్కాయి. దుమ్ము నోట్లోకి పోయింది. ఒక్కరూ నా చేతిలోంచి గడ్డపార తీసుకోలేదు, ఆపడానికీ కాదు, సాయానికీ కాదు. నాకు అవసరమూ లేదు.

సందు నేలకు జానెడు ఎత్తు వరకు దిగేసరికి చర్చిలో మొదటి పాట మొదలైంది. వెనక జనం జరిగిన చప్పుడు. తిరిగి చూస్తే అత్త. తెల్లచీర, భుజాన బైబిలు సంచి, కాళ్లకు చెప్పులు. అధ్యక్షుడి పక్క నుంచే వచ్చింది, ఆయనకేసి చూడలేదు. ఇంకా రెండు వరసల ఇటుకలు మిగిలి ఉన్నాయి, కింద అంతా పెళ్లలు. నేను గడ్డపార గోడకు ఆనించి చెయ్యి చాపాను.

“ఉండత్తా, చెయ్యి పట్టుకో.”

ఆమె కుచ్చెళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని ఆ ఇటుకల కేసి, నా చేతి కేసి చూసింది.

“చెయ్యి ఒద్దు” అంది. “నువ్వు పక్కకు జరుగు.”

నేను పక్కకు జరిగాను.